గాలి ఊరిది, మర ఎవరిది?

ఆడి మాసంలో మా ఉడుమలైపేట వైపు ఒక్కసారి వచ్చినవారికి గాలి సంగతి వేరే చెప్పనక్కరలేదు. పాలక్కాడు కనుమ గుండా పడమటి నుంచి దూసుకొచ్చే ఆ గాలికి దండెం మీద ఆరేసిన పంచె పక్కవాళ్ళ పొలంలో దొరుకుతుంది. ఆడి గాలికి అమ్మిరాయి కూడా ఎగురుతుందని తమిళ సామెత. అమ్మి అంటే మన సన్నికల్లు. మా అమ్మమ్మ ఆ మాటను తెలుగులోకి తిప్పి, "సన్నికల్లు ఎగిరే నెల వచ్చింది, పెంకులు సరిచూసుకోండి" అనేది. ఆమె కాలంలో గాలి అంటే ఇంటి కప్పు లేపేది, జొన్నచేను పడగొట్టేది, కంట్లో దుమ్ము కొట్టేది. దానివల్ల లాభమంటే కళ్ళంలో గింజలు తూర్పారబట్టుకోవడం ఒక్కటే.

ఇప్పుడు అదే గాలికి ధర ఉంది. ఉడుమలైపేట, పల్లడం, ధారాపురం దారుల్లో బస్సు కిటికీలోంచి చూస్తే కంటికి ఆనినంత మేర తెల్లటి మరలే. తమిళులు కాత్తాడి అంటారు, మనం గాలిమర అంటాం. తమిళనాట గాలి విద్యుత్తు స్థాపిత సామర్థ్యం 10 వేల మెగావాట్లు దాటింది. ఈ మరలు నిలబడిన మెట్టభూముల్లో చాలా చోట్ల మన తెలుగువాళ్ళ ఊళ్ళున్నాయి. ఇళ్ళలో తెలుగు, బడిలో తమిళం, పొలంలో రెండూ. ఆ ఊళ్ళవాళ్ళను "ఈ మర ఎవరిది?" అని అడిగి చూడండి. కోయంబత్తూరులో ఫలానా మిల్లుదంటారు, మద్రాసు కంపెనీదంటారు, ఎవరో సినిమావాళ్ళదంటారు. మాది అన్నవాళ్ళు నాకు కనబడలేదు.

నేను ఇంజనీరును కాను, చరిత్రకారుణ్ణీ కాను. బి.కాం. చదివి ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేసినవాణ్ణి. గాలిమరల చరిత్ర రాసేవాళ్ళు రెక్కల పొడవు, కిలోవాట్ల లెక్క రాస్తారు. నాకు తెలిసింది ఆ మరకు అప్పు ఎవరికి పుట్టింది, ఎవరికి పుట్టలేదు అన్నది. దానికీ ఒక చరిత్ర ఉంది. అందులో నా పాత్ర కూడా కొంచెం ఉంది కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన దేశానికి మర వచ్చింది డెన్మార్కు దారిన. కాబట్టి కథ అక్కడ ఎత్తుకోవాలి.

డెన్మార్కులో ఆస్కోవ్ అనే పల్లెలో రైతుబిడ్డలకు చదువు చెప్పే ప్రజా పాఠశాల ఒకటుండేది. అక్కడి ఉపాధ్యాయుడు పౌల్ లా కూర్ 1891లో గాలిమరతో విద్యుత్తు తీయడం మొదలుపెట్టాడు. గాలి లేని పూట ఏం చేయాలన్న చిక్కుకు ఆయన విరుగుడు ఏమిటంటే, ఆ విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ నిలవచేసి బడి దీపాలు వెలిగించడం. ఆయన పట్టుదల వేరే ఉంది. కరెంటు పట్టణాలకు వచ్చి పల్లెలకు రాకపోతే పల్లె మనుషులు పట్టణాలకు పోతారు, పల్లె ఖాళీ అవుతుంది అని ఆయన భయం. అందుకే 1903లో గాలి విద్యుత్తు కోసం ఒక సంఘం పెట్టి, మరుసటేడు నుంచి పల్లెటూరి కుర్రవాళ్ళకు విద్యుత్ పని నేర్పించాడు. అలా నేర్చుకున్నవాళ్ళలో యోహానెస్ యూల్ ఒకడు. యాభై ఏళ్ళ తర్వాత, 1957లో, గెడ్సర్ అనే చోట 200 కిలోవాట్ల మూడు రెక్కల మరను నిలబెట్టింది ఆయనే. ఈనాడు మన పొలాల్లో తిరిగేవాటికి అది ముత్తాత.

1973లో చమురు ధరలు మండాయి. దిగుమతి నూనె మీదే బతుకుతున్న డెన్మార్కు దిక్కుతోచక అణు విద్యుత్తు వైపు చూసింది. జనంలో చాలామందికి అది ఇష్టం లేదు. వద్దని ఊరేగింపులు చేసినవాళ్ళే, మరి కరెంటు ఎలాగన్న ప్రశ్నకు జవాబు కూడా వెదికారు. క్రిస్టియన్ రీసేగర్ అనే వడ్రంగి యూల్ నమూనాను చిన్నదిగా చేసి 22 కిలోవాట్ల మర కట్టాడు. సేద్యపు పనిముట్లు చేసే కంపెనీలు ఆ దారి పట్టాయి. వెస్టాస్ అలాంటిదే. దాని మొదలు ఒక పల్లె కమ్మరి కొలిమి.

ఇక్కడి నుంచి నా వంటివాడికి ఆసక్తి కలిగించే భాగం. 1979లో డెన్మార్కు ప్రభుత్వం మర ఖరీదులో 30 శాతం తానిస్తానన్నది. ఆ సబ్సిడీని ఏటికేడు తగ్గిస్తూ పోయి 1989లో ఎత్తేశారు. ఆ పదేళ్ళలో పల్లెల్లో ఇరుగుపొరుగు కలిసి మరలు కొన్నారు. వాటా లెక్క చాలా తేలిక. ఏడాదికి 1,000 యూనిట్లు పండించే భాగం ఒక వాటా. ఒక్కొక్కరు ఎన్ని వాటాలు కొనవచ్చో వాళ్ళింటి కరెంటు వాడకాన్ని బట్టి పరిమితి. మరో షరతు, వాటాదారు మరకు దగ్గరలో కాపురముండాలి. మొదట్లో ఆ దూరం 3 కిలోమీటర్లు. దూరాన ఉన్న డబ్బున్నవాడు వచ్చి గాలిని కొనుక్కుపోకుండా కట్టిన గట్టు అది. పండిన కరెంటును విద్యుత్ సంస్థ తప్పక కొనాలి. 1992 చట్టంలో ఆ ధర వినియోగదారు చెల్లించే రేటులో 85 శాతంగా పెట్టారు.

అప్పు సంగతి కూడా చెప్పాలి. ఆ సంఘాలు భాగస్వామ్య సంస్థలు, బాధ్యతకు హద్దు లేనివి. ఒకడు చేసిన అప్పుకు అందరి ఇళ్ళూ పోగలవు. అందుకని సంఘం పేరుతో అప్పు చేయకూడదని నియమం రాసుకున్నారు. ఎవరికి డబ్బు కావాలో వాళ్ళే తమ వాటా చూపి ఊళ్ళో బ్యాంకులో అప్పు తెచ్చుకునేవారు. మర మీద భారం లేదు, ప్రతి ఇంటిమీదా కొంచెం కొంచెం ఉంది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి లక్షకు పైగా కుటుంబాలకు మరల్లో వాటాలున్నాయి. కోపెన్‌హాగన్ ఎదుట సముద్రంలో 2000-2001లో లేచిన మిడెల్‌గ్రుండెన్ మరలు 20, ఒక్కొక్కటి 2 మెగావాట్లు. వాటిలో సగం నగర విద్యుత్ సంస్థవి, మిగతా సగం 8,500 మందికి పైగా సభ్యులున్న సహకార సంఘానివి.

అక్కడా రోజులు మారాయి. మరలు పెద్దవై ఖరీదు పెరిగేకొద్దీ ఊరి సంఘాలు తగ్గాయి, కంపెనీలు పెరిగాయి. తమ కళ్ళముందు తిరిగే మర తమది కానప్పుడు జనం దాన్ని వద్దనడం మొదలుపెట్టారు. దాంతో 2009లో అమలుకు వచ్చిన చట్టంలో, ఎవరు కొత్త మర పెట్టినా కనీసం 20 శాతం వాటాలు 4.5 కిలోమీటర్ల లోపు నివాసులకు ముందుగా ఇవ్వజూపాలన్నారు. 2020లో ఆ నియమాన్ని తీసేసి, చుట్టుపక్కలవాళ్ళకు ఏటా కొంత సొమ్ము చెల్లించే పద్ధతి తెచ్చారు.

ఇక మన దేశం. 1986లో గుజరాత్‌లోని ఓఖాలో, మహారాష్ట్రలోని రత్నగిరి తీరాన, మన తూత్తుకుడి దగ్గర మొదటి గాలిమరల తోటలు వేశారు. పెట్టినవి 55 కిలోవాట్ల వెస్టాస్ మరలు. డెన్మార్కు పల్లె సంఘాలు కొనుక్కున్న రకమే. తర్వాత డెన్మార్కు ప్రభుత్వ సహాయంతోనే కయత్తారులో, ముప్పందల్‌లో పెద్ద తోటలు వచ్చాయి. గాలి ఉన్నదని, మర తిరుగుతుందని, కరెంటు వస్తుందని రుజువైంది. డెన్మార్కు నుంచి మర వచ్చింది, మర నడిపే తెలివి వచ్చింది. మరను పదిమంది కలిసి సొంతం చేసుకునే ఏర్పాటు మాత్రం ఓడ ఎక్కలేదు. దానికి బదులు మనవాళ్ళు వేరే దారి ఎంచుకున్నారు. అది ఆదాయపు పన్ను దారి.

సంప్రదాయేతర ఇంధనాలకు ఢిల్లీలో 1982లో ఒక శాఖ ఏర్పడింది, 1992లో అది మంత్రిత్వశాఖ అయింది. అప్పులివ్వడానికి 1987లో ఇరెడా పుట్టింది. ఇవన్నీ మంచివే. కాని ప్రైవేటు డబ్బును గాలిమరల వైపు తోలింది ఒకే ఒక్క సదుపాయం, మొదటి ఏడాదే నూటికి నూరు శాతం తరుగుదల. కామర్సు చదవని పాఠకుల కోసం లెక్క వేసి చూపిస్తాను.

ఒక మిల్లుకు ఏడాదికి 1 కోటి రూపాయల లాభం వచ్చిందనుకుందాం. 1994-96 నాటికి కంపెనీ పన్ను సర్‌ఛార్జీతో కలిపి 46 శాతం. అంటే 46 లక్షలు కట్టాలి. ఆ మిల్లు 1 కోటి పెట్టి గాలిమర కొని సెప్టెంబరు నెలాఖరులోగా తిప్పితే మర ఖరీదంతా ఆ ఏడాది ఖర్చు కింద రాసుకోవచ్చు. లాభం సున్న, పన్ను సున్న. ఇప్పుడు మరకు బ్యాంకు 75 లక్షలు అప్పు ఇచ్చిందనుకోండి. మిల్లు జేబులోంచి పెట్టింది 25 లక్షలు, పన్నులో ఆగినది 46 లక్షలు. ఒక్క యూనిట్ అమ్మకముందే 21 లక్షలు చేతిలో ఉన్నాయి. ఆ పన్ను పూర్తిగా రద్దయినట్టు కాదు. తర్వాతి ఏళ్ళలో రాసుకోవడానికి తరుగు మిగలదు కనుక అది వాయిదా పడినట్టు. అయినా వ్యాపారికి పన్ను వాయిదా పడడమంటే ప్రభుత్వం వడ్డీ లేని అప్పు ఇవ్వడమే.

మార్చి నెలాఖరులోగా తిప్పినా ఫరవాలేదు, సగం తరుగు దొరుకుతుంది. అందుకని మా వైపు సెప్టెంబరులో, మార్చిలో గాలిమరల పండుగ జరిగేది. క్రేన్లు దొరికేవి కావు. మార్చి 31 రాత్రి లాంతర్ల వెలుగులో మరలకు కరెంటు కలిపారని చెప్పుకునేవారు. మా శాఖలో ఆ వారం రోజులు ఇంటికి పోయి అన్నం తిన్న గుర్తు లేదు.

మిల్లులవాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చిన తర్వాత కోయంబత్తూరు మిల్లులు ఎదిగిన తీరు, అందులో మన తెలుగు నాయుళ్ళు పెట్టిన కష్టం, పెట్టుబడి ఈ పత్రిక పాఠకులకు తెలియనివి కావు. తొంభైలలో కరెంటు కోతలకు మిల్లులు అల్లాడాయి. ముప్పందల్‌లో పండిన కరెంటును విద్యుత్ బోర్డు తీగల మీదుగా తెచ్చుకుని కోయంబత్తూరులో వాడుకోవచ్చన్నారు. గాలి నెలల్లో మిగిలిన యూనిట్లు బోర్డు దగ్గర జమవేసుకుని గాలి లేని నెలల్లో తీసుకోవచ్చన్నారు. దాన్ని కూడా బ్యాంకింగ్ అనే పిలిచారు. మాకు అది నవ్వుగా ఉండేది. అవసరం ఉన్నవాడు సదుపాయాన్ని వాడుకున్నాడు. చిక్కల్లా సదుపాయం కట్టిన తీరులో ఉంది. డబ్బు వచ్చేది మర పెట్టినందుకు, పండించినందుకు కాదు. గాలి చాలని చోట కూడా మరలు లేచాయి, చెడిపోతే బాగుచేయడానికి తొందరపడనివాళ్ళూ ఉన్నారు. 1996 బడ్జెట్‌లో కనీస ప్రత్యామ్నాయ పన్ను రాగానే పన్ను లేకుండా చేసుకునే వీలు తగ్గి, ఆ ఊపంతా చల్లబడింది. పండిన యూనిట్‌కు ఇంత అని కేంద్రం ప్రోత్సాహకం ఇచ్చే పథకం 2009 డిసెంబరులో గాని రాలేదు. అది యూనిట్‌కు 50 పైసలు.

ఇప్పుడు అదే లెక్క మెట్టరైతుకు వేయండి. వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను లేదు. కట్టే పన్ను సున్న కనుక తగ్గే పన్ను కూడా సున్న. పంచాయతీకీ ఇంతే. ఒకే గాలికి, ఒకే మరకు మిల్లువాడికి 46 లక్షల చేయూత, మర నిలబడిన భూమి యజమానికి ఏమీ లేదు. ఈ చట్టం రాసినవారెవరూ పల్లెకు ద్రోహం చేద్దామని రాసి ఉండరు. పల్లె ఒక మర కొనగలదన్న ఊహ వాళ్ళకు రాలేదు, అంతే. ఆ ఊహ నాకూ రాలేదని చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

1995 అక్టోబరు. నాకు ఇరవై ఏడేళ్ళు, అప్పులు చూసే బల్ల దగ్గర కొత్తగా కూర్చున్నాను. ఒక సోమవారం ఐదుగురు మనుషులు వచ్చారు. పంచెలు, భుజాన తువ్వాళ్ళు, కాళ్ళకు ఎర్రమట్టి. వాళ్ళలో పెద్దాయన నా పేరు పలక చూసి తెలుగులో మొదలుపెట్టాడు.

"మన భాషవాడివని చెప్పినారు, అందుకని నీ దగ్గరికి వచ్చినాం నాయనా."

విషయం ఇది. వాళ్ళ ఊళ్ళో మరల కోసం మెట్టభూములు కొంటున్నారు. కొందరు అమ్మేశారు. వీళ్ళు ఇరవై ఇళ్ళవాళ్ళు కలిసి, వచ్చిన డబ్బును చీటీలాగా ఒకచోట పోగుచేసి, బ్యాంకు అప్పు కలిపి, సొంతంగా ఒక మర పెట్టుకుందామని ఆలోచించారు. బావులకు కరెంటు, మిగిలింది బోర్డుకు. ఎవరో చదువుకున్న కుర్రవాడు గీతల నోటుబుక్కులో లెక్క రాసిచ్చాడు. ఆ లెక్క ఇప్పుడు తలచుకుంటే తప్పు తక్కువే.

నేను అడగవలసినవి అడిగాను. అప్పు ఎవరి పేరు మీద? మూడేళ్ళ లాభనష్టాల పట్టిక ఉందా? పన్ను రిటర్నులు? కంపెనీయా, సొసైటీయా? ఏ ప్రశ్నకూ వాళ్ళ దగ్గర కాగితం లేదు. అన్నిటికీ జవాబు మాత్రం ఉంది. "ఇరవై ఇళ్ళున్నాయి. ఎవరూ ఊరు విడిచి పోరు" అన్నాడు పెద్దాయన. మా అప్రైజల్ ఫారంలో అది రాయడానికి గడి లేదు.

"పెద్దాయనా, ఇది మిల్లులవాళ్ళు చేసే పని. మీకు మోటారుకు, పైపులకు అప్పు ఇస్తాను" అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. "గాలి మా మీదుగానే పోతా ఉండాది నాయనా. మర మాది ఎందుకు కాగూడదో అది చెప్పు" అన్నాడు. నేను చెప్పలేకపోయాను. టీ తెప్పించాను. తాగి, నోటుబుక్కు తువ్వాలులో చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజు నేను దరఖాస్తు తీసుకోలేదు. తీసుకోలేదు కనుక తిరస్కరించనూ లేదు. ఆ ఏడాది మా శాఖ రిజిస్టరు ఎవరైనా తీసి చూస్తే, గాలిమరలకు వచ్చిన దరఖాస్తులన్నీ కంపెనీలవే, దాదాపు అన్నీ మంజూరైనవే. పల్లెవాళ్ళు అడగలేదు కాబట్టి ఇవ్వలేదని చరిత్ర రాసేవాడు రాస్తాడు. కాగితం ప్రకారం అది నిజం.

పదకొండేళ్ళ తర్వాత, నేను వేరే ఊళ్ళో ఉండగా, ఒడంతురై సంగతి పత్రికల్లో చదివాను. నీలగిరి కొండల పాదాన, మేట్టుపాళయం దగ్గర, భవానీ ఏటి పక్క పంచాయతీ అది. 1996లో తమిళనాట పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు ఆర్. షణ్ముగం అధ్యక్షుడైనాడు. 2006 దాకా పదేళ్ళు ఆయనే. తాగునీటి పథకాలు పెరిగేకొద్దీ పంచాయతీ కరెంటు బిల్లు పెరిగింది. ఆయన మొదట వీధిదీపాలకు సౌరశక్తి వాడి చూశాడు. 2003లో కట్టెపొట్టు మండించి నడిపే 9 కిలోవాట్ల గ్యాసిఫయర్ పెట్టి నీటి పంపు తిప్పాడు. ఖర్చు తగ్గింది, ధైర్యం వచ్చింది. 2006లో పంచాయతీ 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. ఖరీదు 1 కోటి 55 లక్షలు. పంచాయతీ సొంత నిల్వ 40 లక్షలు, బ్యాంకు అప్పు 1 కోటి 15 లక్షలు.

నా వృత్తి అలవాటు కొద్దీ వెంటనే పెన్సిలు తీశాను. 155లో 40 అంటే దాదాపు 26 శాతం మార్జిన్. మిల్లుల దగ్గర మేము అడిగింది కూడా అంతే. ఏడాదికి 6.75 లక్షల యూనిట్లు పండుతుందన్నారు. 350 కిలోవాట్ల మర ఏడాది పొడుగునా ఆగకుండా తిరిగితే 30.66 లక్షల యూనిట్లు, అందులో ఇది 22 శాతం. ఉడుమలైపేట గాలికి అది నమ్మదగిన లెక్కే. పంచాయతీకి కావలసింది 4.5 లక్షల యూనిట్లు, మిగిలిన 2.25 లక్షలు బోర్డుకు అమ్మగా ఏటా 19 లక్షలు వస్తుందని పత్రికలు రాశాయి. ఇది మాత్రం పొసగదు. 2006 మేలో విద్యుత్ నియంత్రణ కమిషన్ కొత్త మరలకు పెట్టిన ధర యూనిట్‌కు 2 రూపాయల 90 పైసలు. మిగులుకు ఆ లెక్కన ఆరున్నర లక్షలే. మొత్తం 6.75 లక్షల యూనిట్లకు వేస్తే 19 లక్షల 57 వేలు. కాబట్టి 19 లక్షలంటే మొత్తం పంట విలువ అని నేను అర్థం చేసుకున్నాను. అలా చూసినా అప్పు తీరేదే. పన్ను తరుగుదల పైసా లేకుండా, మర తిరగడం మీదే ఆధారపడి కట్టిన లెక్క అది.

ఆ ఊరికి అప్పు ఎందుకు పుట్టింది, నా దగ్గరికి వచ్చిన ఐదుగురికి ఎందుకు పుట్టలేదు? ఆలోచిస్తే ఒకటి తోస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత, 1994 తమిళనాడు పంచాయతీల చట్టం కింద, పంచాయతీ చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. దాని పేర ఆస్తి ఉంటుంది, ఖాతా ఉంటుంది, ప్రతి నెలా కరెంటు బిల్లు వస్తుంది. ఫారంలో గడులన్నీ నిండుతాయి. ఇరవై ఇళ్ళ మాటకు ఆ రూపం లేదు. అది ఇవ్వవలసింది చట్టం, అడిగి ఇప్పించవలసింది నావంటివాడు.

2008లో ఒక ఆదివారం ఆ మర చూద్దామని బయలుదేరాను. అది ఒడంతురైలో లేదు. కొండ పక్కన గాలి చాలదు. ఉడుమలైపేట దగ్గర మైవాడిలో పెట్టారు. చుట్టూ ఉన్న మరలకూ దానికీ తేడా ఏమీ కనబడదు. నిలబడి చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఇక్కడ కూడా గాలి మైవాడిది, మర ఒడంతురైది. ఒడంతురై చేసింది గొప్ప పనే, అందులో సందేహం లేదు. కాని పెద్దాయన అడిగిన ప్రశ్నకు అది సగం జవాబే.

మిగతా సగం రావడానికి రోజులు కలిసిరాలేదు. రిజర్వు బ్యాంకు 2015లో ఇలాంటి ఇంధన పథకాలను 15 కోట్ల దాకా ప్రాధాన్య రంగ రుణాల్లో చేర్చింది, తర్వాత ఆ హద్దు ఇంకా పెంచింది. మా వాళ్ళకు అది మంచి కబురే. మరోపక్క 2017 ఫిబ్రవరిలో దేశంలో మొదటిసారి గాలి విద్యుత్తుకు వేలం పెట్టారు. 1,000 మెగావాట్లకు పలికిన ధర యూనిట్‌కు 3 రూపాయల 46 పైసలు. వినియోగదారుకు ధర తగ్గడం మంచిదే. కాని వందల మెగావాట్ల వేలంలో ఒక్క మర ఉన్న పంచాయతీ నిలబడలేదు. తరుగుదల సదుపాయం 2012లో తీసి, 2014లో మళ్ళీ ఇచ్చి, 2017 నుంచి 40 శాతానికి కుదించారు. ఇచ్చినా తీసినా పల్లెకు ఒకటే. అది మొదటి నుంచీ పల్లె లెక్కలో లేదు.

సూర్యుడి విషయంలో మాత్రం చట్టానికి కొంత బుద్ధి వచ్చింది. 2019లో వచ్చిన కుసుమ్ పథకంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల సౌర కేంద్రాలు రైతులు, రైతు సంఘాలు, సహకార సంఘాలు, పంచాయతీలు పెట్టుకోవచ్చునని పేర్లతో సహా రాశారు. ఎండకు రాసిన ఆ వాక్యం గాలికి ఎందుకు రాయకూడదు?

ఇప్పుడు దానికి సమయం కూడా వచ్చింది. తొంభైలలో పెట్టిన చిన్న మరలకు వయసు మీరింది. వాటిని తీసి పెద్దవి పెట్టడానికి తమిళనాడు ప్రభుత్వం 2024లో ఒక విధానం ప్రకటించింది. మంచి గాలి ఉన్న చోట్లన్నీ ముప్పై ఏళ్ళ కిందటే పట్టేసుకున్నారు గనుక, మన తరంలో యాజమాన్యం చేతులు మారగల అవకాశం ఇదే. పాత మర దించి కొత్తది ఎత్తేటప్పుడు అందులో పదో వంతో ఐదో వంతో వాటా ఆ చుట్టుపక్కల నివాసులకు, పంచాయతీకి ముందుగా ఇవ్వజూపాలని ఒక నియమం చాలు. కొనడానికి వాళ్ళకు అప్పు ఇవ్వడం బ్యాంకులకు కష్టం కాదు. డెన్మార్కు పద్ధతిలో మర మీద భారం వేయకుండా ఇంటింటికీ చిన్న అప్పులివ్వవచ్చు. మహిళా సంఘాలకు మనం ఇస్తున్నది ఆ రకం అప్పే, తిరిగి వస్తున్నదీ అదే. ఇంకొకటి, వచ్చిన ఆదాయంలో కొంత కొత్త మర కోసం విడిగా నిలవ వేయాలి. 2006లో పెట్టిన మరకు కూడా ఇరవై ఏళ్ళు నిండే కాలం వచ్చింది. తరుగుదలకు పన్నులో విలువ లేకపోయినా ఇనుముకు తరుగు తప్పదు.

ఊరుమ్మడి ఆస్తి మనకు కొత్తదేమీ కాదు. మా ఊళ్ళ చెరువులకు కుడిమరామత్తు ఉండేది. పూడిక తీసే రోజున ఇంటికొక మనిషి పారతో వెళ్ళేవాడు. నీళ్ళు ఎవరివన్న ప్రశ్న వచ్చేది కాదు, వంతు ఎప్పుడన్నదే వచ్చేది.

ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. వాళ్ళ భూముల్లో మూడు మరలు తిరుగుతున్నాయి, ఒకదాని కింద ఆయన మనవడు కావలి ఉన్నాడని విన్నాను. నేను త్వరలో పదవీ విరమణ చేస్తాను. నేను కూర్చున్న కుర్చీలో ఇప్పుడు కూర్చున్న మన పిల్లలకు ఒక మాట చెప్పదలచుకున్నాను. కాళ్ళకు మట్టితో ఐదుగురు వస్తే ముందు దరఖాస్తు తీసుకోండి. కాదనక తప్పకపోతే కాగితం మీద, కారణం రాసి, సంతకం పెట్టి కాదనండి. వాళ్ళు అడిగారన్న సంగతైనా రిజిస్టరులో మిగులుతుంది.